ఒక గంట రూమ్ ఖాళీ చెయ్యుండ్రి

అశోక్‌నగర్‌లో మేం ఉండే రూమ్ నుంచి ఇప్పటిదాకా సర్కారు కొలువు కొట్టినవాడు ఒక్కడే. మాకంటే ముందు బ్యాచ్ అన్న. కానిస్టేబుల్‌గా సెలెక్టయి వెళ్లిపోతూ తన పరుపు, బకెట్, రంగు పెన్నుతో గీతలు కొట్టిన పుస్తకాలు మాకు వదిలేసి వెళ్లాడు. ఆ పరుపు మీద పడుకుంటే ఉద్యోగం వస్తుందని నా రూమ్మేట్ నమ్మకం. దాని మీద పడుకునేది నేను. నాకు ఇంతవరకు వచ్చింది నడుంనొప్పి.

అన్నది కోర్టు ఎస్కార్ట్ డ్యూటీ. జైల్లో విచారణ ఖైదీలుగా ఉన్నవాళ్లను వాయిదా రోజు కోర్టుకు తీసుకెళ్లి, పని కాగానే మళ్లీ జైల్లో అప్పజెప్పాలి. "డెలివరీ బాయ్ పనే తమ్మీ," అనేవాడు. "కాకపోతే మన పార్సిల్‌కు కాళ్లుంటయ్. ఉరుకకుండ చూస్కోవాలె."

మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెబితే వెనకేసుకొస్తున్నట్టు ఉంటుంది. జీతం పడగానే వచ్చి మాకు తిండి పెట్టించేవాడు. తింటుంటే బిట్లు అడిగేవాడు. ముద్ద నోట్లో ఉండగా సెక్షన్ చెప్పగలిగితేనే పరీక్షలో గుర్తుంటుందని అతని సిద్ధాంతం. కొత్త చట్టాలొచ్చి పాత నంబర్లన్నీ మారిపోయాక మా బుర్రల్లో ఒక్కో నేరానికి రెండేసి నంబర్లు తయారయ్యాయి. దొంగతనం అంటే పాతది గుర్తొచ్చేది, హత్య అంటే కొత్తది. కస్టడీలో ఉన్న స్త్రీని లోబరుచుకున్న ఉద్యోగికి ఏ సెక్షన్ అంటే రెండూ కలిసి మూడోది వచ్చేది. ఆ చాప్టర్ నాకు నేర్పింది అన్నే. "ఆమె ఒప్పుకున్నదా లేదా అని ఆప్షన్లల్ల తిప్పుతడు. నువ్వు తిరగకు. అధికారం అడ్డం పెట్టుకున్నడా, అది చూడు. ఐదు నుంచి పదేండ్లు. పెట్టేసి ముందుకు పో."

పెట్టేసి ముందుకు పోయేవాణ్ణి.

ఒక సాయంత్రం నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన ఛాయ్ తాగుతున్నాం. అన్న బిట్లు అడగలేదు. గ్లాసు వైపే చూస్తూ, "తమ్మీ, నాకు ఒకామె మీద మనసైంది," అన్నాడు.

నా రూమ్మేట్‌కు ఇలాంటి కబురు అందితే చాలు, వెనక వయొలిన్లు వాడే వాయించుకుంటాడు. "ఎవరన్నా? ఏ ఊరు? ఇంట్ల చెప్పినవా?"

"పాలమూరు దిక్కు. ఇండ్లల్ల పనిచేసేది. ఓనర్లు బంగారం పోయిందని కేసు పెట్టిన్రు. జామీను ఇచ్చేటోళ్లు లేక లోపలే ఉంది."

"లోపల అంటే?" అన్నాడు రూమ్మేట్.

"లోపల అంటే పెళ్లిచూపులకు టైమింగ్స్ ఉండే చోట," అన్నాను నేను.

అన్న నవ్వి నా నెత్తిమీద ఒకటి పీకాడు. తర్వాత చెప్పుకుంటూ పోయాడు. ప్రతి వాయిదాకూ ఆమెను కోర్టుకు తీసుకుపోయేది తనే, వెంట ఒక లేడీ కానిస్టేబుల్. ఆమెకు బిర్యానీ పొట్లం తెస్తాడు. తన ఫోన్ ఇచ్చి, ఊళ్లో అమ్మమ్మ దగ్గరున్న కూతురితో మాట్లాడిస్తాడు. "నన్ను చూస్తే నవ్వుతది తమ్మీ. ఇంకెవ్వరిని చూసి నవ్వదు."

"మరి పెళ్లి?" రూమ్మేట్ కళ్లలో నీళ్లొక్కటే తక్కువ.

"అయితది. ముందుగాల ఆమెతోని నిమ్మళంగ మాట్లాడాలె. కోర్టు వరండల ఏం మాట్లాడుతం?" అన్న ఒక్క క్షణం ఆగాడు. "గురువారం వాయిదా ఉంది. మధ్యాహ్నం పిలుస్తరు. అంతకు ముందు ఒక గంట రూమ్ ఖాళీ చెయ్యుండ్రి."

"ఒక గంటేంది అన్నా, దినమంత ఉండు!" అన్నాడు రూమ్మేట్.

"మాట్లాడనీకె పరుపు అవసరమా అన్నా?" అన్నాను.

అందరం నవ్వాం. అన్న కూడా నవ్వాడు. అతను బండెక్కి వెళ్లిపోయాక చిక్కడపల్లి వైపు నడుస్తుంటే ఆ జోక్ నాకే మళ్లీ వినిపించింది. నేనేసిన జోకుల్లో నాకే అర్థం కావడానికి ఇంత ఆలస్యమైంది ఇదొక్కటే.

రూమ్‌కు రాగానే పుస్తకం తీశాను. ఆ పేజీలో అన్న చేత్తోనే గీత గీసి, పక్కన నక్షత్రం గుర్తు పెట్టి ఉంది. పైకి చదివాను. తన కస్టడీలో ఉన్న స్త్రీని తన పదవిని దుర్వినియోగం చేసి శారీరక సంబంధానికి ప్రలోభపెట్టిన ప్రభుత్వోద్యోగి. అత్యాచారం కిందికి రాకపోయినా నేరమే.

"నువ్వు ఎవల గురించి చదువుతున్నవో నీకు సోయి ఉందా?" అన్నాడు రూమ్మేట్. "అన్నరా వాడు. మనకు మెస్ డబ్బులు లేకుంటే కట్టిండు. అన్న బలవంతం చేస్తడా?"

"బలవంతం అని నేనన్లే. పుస్తకం గుడ అంటలేదు. ప్రలోభం అంటుంది."

"ఏం ప్రలోభం? బిర్యానీ ప్రలోభమైతదా?"

"సింగిలా, ఫ్యామిలీ ప్యాకా?"

"నవ్వులాటరా నీకు?"

నవ్వులాట కాదు. నిజంగానే తెలియక అడిగాను. ఒక పొట్లం ఎక్కడి నుంచి ప్రలోభమవుతుంది? ఆకలైనవాడికి అన్నం పెట్టడం పుణ్యం అంటారు. మాకు అదే మనిషి అదే బిర్యానీ పెడితే మేం ప్రలోభపడలేదు, ఆవలించి పడుకున్నాం. కాకపోతే మాకు బయటికి వెళ్లే దారి తెలుసు. వద్దంటే రేపు వేరే మెస్‌లో తింటాం. ఆమె వద్దంటే? అక్కడికొచ్చేసరికి నా తెలివి ఆగిపోయింది. పరీక్షలో అయితే నాలుగు ఆప్షన్లు ఉండేవి.

మర్నాడు చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో, అక్కడ చదువుకునేవాళ్లంతా అక్కా అని పిలిచే ఒకామెను పట్టుకున్నాను. అక్క నారాయణగూడలో లా చదువుతూ జడ్జి పరీక్షకు తయారవుతోంది. చెట్టు కింద ఎప్పుడూ ఒకే కుర్చీలో కూర్చుంటుంది. ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుంటే వాళ్లు లేచేదాకా పక్కనే నిలబడి గట్టిగా చదువుతుంది.

"అక్కా, ఒక డౌటు. నా ఫ్రెండుకు తెలిసినోడు ఒకడున్నడు…"

"నీ ఫ్రెండుకు తెలిసినోడు అంటే నువ్వేనా?"

"నేను కాదు. నాకు కొలువే దిక్కు లేదు, ఇంక కేసెక్కడిది?"

చెప్పాను. విని పుస్తకం మూసింది. అక్క పుస్తకం మూయడం నేను అదే మొదటిసారి చూడటం.

"రూమ్ ఇయ్యకు," అంది.

"ఇయ్యకపోతే లాడ్జికి పోతడు."

"కంప్లైంట్ చెయ్యి."

"జరగనిదానికి ఏమని చెయ్యాలె?"

"జరిగినంక చేస్తవా?"

"ఆమెకు గుడ ఇష్టమేమో అక్కా," అన్నాను. "నవ్వుతదంట."

"నువ్వు హాల్ టికెట్ చెక్ చేసేటాయనను చూసి నవ్వుతవా లేదా?"

"నవ్వుతా."

"ఆయన మీద మనసా?"

కాదని చెప్పాల్సిన పని లేదు. కానీ వెంటనే అక్క కూడా నుదురు రుద్దుకుంది. "అట్లని ఆమెకు ఇష్టం లేదని గుడ నేను చెప్పలేను. ఉండొచ్చు. జైల్ల ఉన్నంత మాత్రాన మనసు ఉండదా? అదే తంటా. అడిగేటోని చేతిలనే ఆమె ఉన్నప్పుడు, ఆమె చెప్పిన 'ఊఁ' ఏ 'ఊఁ'వో బయటోళ్లకు ఎట్ల తెలుస్తది? అందుకే చట్టం ముందుగాల వాణ్ణి చూడమంటది."

"ఆమెను ఎవరన్న అడిగిన్రా?" అని తనే మళ్లీ అంది. ఎవరడుగుతారు? ఆమెను కలిసేది అన్న ఒక్కడే.

బుధవారం అన్నకు ఫోన్ చేశాను. రూమ్మేట్‌కు జ్వరమని అబద్ధమాడాను. అన్న బాధపడ్డాడు. "సరే తియ్యి, లాడ్జి చూస్కుంట. మీరు గుడ పరాయోళ్లయిన్రు." నాకు గాభరా పట్టింది. లాడ్జి అంటే తలుపు, గొళ్లెం, రిసెప్షన్‌లో టీవీ చూసుకునే మనిషి. మా ఇంట్లో అయితే కనీసం ఓనర్ ఆంటీ ఉంది.

"వద్దన్నా, వాడు గోలీ ఏస్కున్నడు. నువ్వు రా," అన్నాను.

ఓనర్ ఆంటీ గురించి చెప్పాలి. అశోక్‌నగర్‌లో కిరాయికున్న ప్రతి పిల్లవాడికీ రాజ్యాంగం కంటే ముందు ఓనర్ రూల్స్ వస్తాయి. మా ఆంటీది ఒక్కటే రూలు. ఆడవాళ్లు మెట్లెక్కరాదు. రూమ్మేట్ వాళ్లమ్మ ఊరి నుంచి పచ్చళ్లు తెస్తే, ఆమెను కూడా కింద వరండాలోనే కూర్చోబెట్టి మాట్లాడించింది. "తల్లి అయినా ఆడమనిషే గద," అంది. అప్పుడు మేం ఆమెను తిట్టుకున్నాం.

గురువారం పొద్దున కిందికి వెళ్లాను. ఆంటీ వరండాలో కత్తిపీట ముందేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఆంటీ, ఇయ్యాల మా రూమ్‌కు ఒకామె వస్తది."

చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "ఎట్లొస్తదో నేనూ చూస్త," అంది.

ఇంత విలువైన రక్షణ వ్యవస్థను నేను ఒక్క వాక్యంతో కదిలించాను. అక్కకు కూడా రమ్మని ఫోన్ చేశాను. అక్క వచ్చి ఆంటీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలవడం మొదలుపెట్టింది. ఈనె ఒకవైపే తీస్తోందని ఆంటీ తిట్టింది. రూమ్మేట్ మేడ మీదే ఉన్నాడు, పరుపు మీద కొత్త దుప్పటి పరిచి. వాడింకా వయొలిన్లు ఆపలేదు.

ఖైదీలను తెచ్చే పోలీసు వ్యాన్ కాదు, ఆటో వచ్చింది. అన్న యూనిఫామ్‌లో దిగాడు. వెనక ఆమె. నేనేదో ఊహించుకున్నాను. మామూలుగా ఉంది. ఇస్త్రీ లేని చీర, గట్టిగా దువ్విన జుట్టు. నా కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. లేడీ కానిస్టేబుల్ లేదు.

"మేడమ్ ఏదన్నా?" అని అడిగాను.

"బర్కత్‌పురల దిగింది. పిల్లకు ఒంట్ల బాగలేదంట. గంటల వస్తది." నా కళ్లలోకి చూడలేదు.

అన్న మెట్ల వైపు నడిచాడు. ఆంటీ లేవలేదు, కత్తిపీట మాత్రం కాస్త మెట్లకు అడ్డంగా జరిపింది.

"ఏడికి?"

"నమస్తే ఆంటీ. పైకి. గుర్తు పట్టలే? మీ రూమ్‌ల ఉండేటోన్ని."

"నిన్ను పట్టిన. ఆమె ఎవరు?"

"మా చుట్టాలామె."

ఆమె అప్పటిదాకా నేల వైపే చూస్తోంది. తలెత్తి, "చుట్టాన్ని కాదమ్మా, ఖైదీని. ఇయ్యాల వాయిదా ఉంది," అంది. గొంతులో కోపం లేదు, భయమూ లేదు. కండక్టర్‌కు ఎక్కడ దిగాలో చెప్పినట్టు చెప్పింది.

ఆంటీ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "మరి కోర్టుకు పోవాలె గని మా ఇంటికెందుకొచ్చినవ్?"

"సార్‌ను అడుగుండ్రి."

సార్ చెమట తుడుచుకున్నాడు. పోలీసును అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. "జరసేపు కూసోని పోదామని ఆంటీ. ఎండ ఉంది గద."

"కూసో బిడ్డా," ఆంటీ ఆమెకు పీట వేసింది. "ఈడనే కూసో. నువ్వు గేటు కాడ నిలవడు నాయనా. డ్యూటీల ఉన్నవ్ గద."

నేను నీళ్లు, ఛాయ్ తెచ్చాను. పైనుంచి రూమ్మేట్ తొంగిచూసి, ఏం జరుగుతోందని చేత్తో అడిగాడు. నాకే తెలియదని చేత్తో చెప్పాను.

ఆమె ఛాయ్ రెండు చేతులతో పట్టుకుని తాగింది. మేడ వైపు ఒకసారి చూసింది, గేటు వైపు ఒకసారి చూసింది. "ఇంతమంది ఉంటరని చెప్పలె," అంది.

ఆ మాట నేను ఇప్పటికీ తిప్పి తిప్పి చూస్తున్నాను. ఊపిరి పీల్చుకున్నట్టు అందా? నిరాశగా అందా? నేను ఆమె ఎదురుగా, మధ్యలో చిక్కుడుకాయల గిన్నె అంత దూరంలోనే నిలబడి ఉన్నాను. అయినా తెలియలేదు.

అక్క గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, నువ్వు ఈడికి రావాల్నని వచ్చినవా?"

ఆమె నవ్వింది. అన్న చెప్పిన నవ్వు అదేనేమో. "నేను రావాల్నని ఏడికి వస్త చెల్లే? ఆటో ఏడ ఆగితే ఆడ దిగుత."

"నీకు ఇష్టం లేకుంటే చెప్పొచ్చు."

"ఎవరికి?"

"జడ్జికి. ఇయ్యాలనే. పిలిచినప్పుడు."

ఆమె ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగింది, రెండు వైపులా. "చెప్తే ఈయన నౌకరి పోతదా?"

అక్క అబద్ధం ఆడలేదు. "పోవచ్చు."

"నా బిడ్డతోని మాట్లాడిస్తడు," అంది ఆమె. "పోయినసారి బిడ్డ నాకు ఎక్కాలు అప్పజెప్పింది ఫోన్ల. ఈయన పోతే ఇంకో సార్ వస్తడు. ఆయన ఫోన్ ఇస్తడో లేదో. ఆయన ఎసుంటోడో. ఈయన మంచిగనే ఉంటడు. కొట్టడు, తిట్టడు. గట్ల మంచిగ ఉన్నోనికి ఏమని చెప్పాలె? గదే సమజైతలేదు."

"ఆయన నీకు నచ్చిండా?" అక్క ఇంకా మెల్లగా అడిగింది.

ఆమె చాలాసేపు ఆలోచించింది. నాటకీయంగా కాదు, లెక్క తప్పితే మళ్లీ మొదట్నుంచి చేసేవాళ్లలా. "బయట ఉంటే చెప్దును," అంది.

ఆంటీ కత్తిపీట పక్కకు జరిపి గేటు వైపు తిరిగింది. "ఏయ్, ఆ ఆడపోలీసుకు ఫోన్ కొట్టు. ఆమె వచ్చేదాకా ఈమె ఈడి నుంచి కదలదు."

అన్న ఫోన్ చేశాడు. లేడీ కానిస్టేబుల్ పావుగంటలో రొప్పుతూ వచ్చింది. వచ్చీరాగానే ఆంటీ ఆమెకు క్లాసు పీకింది. ఆమె పాపం పిల్లకు జ్వరమని చెప్పబోయింది. ఆంటీ జ్వరానికి కషాయం కూడా చెప్పి, తిట్లు మాత్రం ఆపలేదు. ఆటోలో నలుగురూ ఎక్కారు. అన్న డ్రైవర్ పక్కన, మిగతా ముగ్గురు వెనక. నాలుగో మనిషి మా అక్క. కోర్టు హాలు అందరిదీ, కేసు వినడానికి ఎవరైనా కూర్చోవచ్చు అంది. ఎవరూ వద్దనలేదు.

సాయంత్రం లైబ్రరీలో అక్క కుర్చీలో వేరేవాడు కూర్చుని ఉన్నాడు. అక్క వాణ్ణి లేపలేదు. మెట్ల మీద కూర్చుంది. కోర్టులో జరిగింది చెప్పింది. కేసు పిలిచారు, ఆమె బోనులో నిలబడింది, తర్వాతి తేదీ ఇచ్చారు. మామూలుగా అక్కడితో అయిపోతుంది. ఆమె దిగలేదు. ఏమన్నా చెప్పాలా అని జడ్జి అడిగారు. ఆమె అన్న వైపు చూడలేదు, అక్క వైపూ చూడలేదు. "వచ్చేసారి నన్ను వ్యాన్‌ల పంపుండ్రి సార్. ఆటోల వద్దు," అంది. ఎందుకు అని అడిగితే, "వ్యాన్‌ల అందరు ఉంటరు," అంది. జడ్జి ఒక్క క్షణం ఆమెను చూసి, ఆ మాట రాయించారు. అంతే.

"పేరు చెప్పలేదా?"

"చెప్పలే."

"మరి అది కంప్లైంటేనా అక్కా?"

"ఏమో." అక్క మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుంది. "నేను లేచి చెప్పబోయిన. ఆమె నోట్లెకెళ్లి రాని మాట నేనెట్ల చెప్పాలె అనిపిచ్చి కూసున్న. మంచి చేసిన్నో చెడ్డ చేసిన్నో. సోమవారం ఫ్రీగ వాదించే లాయరమ్మను తోల్కోని జైలుకు పోత. గీసారి గేటు కాడ ఎవ్వరు లేకుండ అడుగుత."

రూమ్మేట్ దుప్పటి మడిచి లోపల పెట్టేశాడు. నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం నాకూ కలిపే వండాడు. కోపంలో కూడా బియ్యం కొలత మర్చిపోలేదని అన్నాను. నవ్వలేదు.

అన్నం తింటుండగా అన్న ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. గొంతు తేలిగ్గా ఉంది.

"చూసినవా తమ్మీ? జడ్జి అడిగితే గుడ నా పేరు చెప్పలే. చెప్తే నా బతుకు ఆగమయ్యేది. చెప్పలే. అంటే ఏంది? ఆమెకు నా మీద ఉన్నట్టే గద?"

ముద్ద చేతిలోనే ఉంది. నాకు చెప్పడానికి చాలా ఉన్నాయి. అతను పెట్టిన తిండి, నేర్పిన సెక్షన్, ఆమె కూతురి ఎక్కాలు. ఏది ముందు చెప్పాలో తెలియలేదు. అతను తప్పు అని నాకు తెలుసు. అతను చెప్పేది పూర్తిగా అబద్ధమని మాత్రం రుజువు చేయలేను. ఆమె వల్లా కాదు, బయట లేదు గనక.

"అన్నా, ఆమె వ్యాన్ అడిగింది," అన్నాను.

"గదే చెప్తున్న. నాకు పరేషాన్ రావద్దని. నలుగుర్ల ఉంటే ఎవ్వరు మాట అనరని. ఎంత ఆలోచన ఉందో చూడు ఆమెకు."

"వ్యాన్ అడిగింది అన్నా."

"ఏమంటున్నవ్‌రా నువ్వు?" అన్నాడు. నేను మళ్లీ అదే చెప్పాను.